ఇంటి పద్దు: కొర్రలు, కూరలు, ఒకే పంక్తి



పోయిన సంచికలో ఈ శీర్షికన బ్యాంకు ఖాతాలకు నామినీ పేరు రాయించుకోవడం గురించి ముచ్చటించుకున్నాం. దానికి వచ్చిన ఉత్తరాలలో ఒకటి మాత్రం నామినీ సంగతి రెండు ముక్కల్లో ముగించి, వంటింటి సంగతి రెండు పేజీలు రాసింది. హోసూరు వైపు నుంచి రాసిన ఆ సోదరి పేరు ఇక్కడ చెప్పను. ఆవిడ భర్తకు ఏడాదిగా షుగరు. డాక్టరుగారు అన్నం బాగా తగ్గించమన్నారట. అప్పటి నుంచి ఆ ఇంట్లో రెండు వంటలు. అత్తగారికీ, పిల్లలకూ అన్నం, పప్పు, వేపుడు. ఆయనకు మాత్రం రెండు చపాతీలు, ఉప్పూ కారం అంతంతమాత్రంగా ఉడికించిన కూర.

“రెండు వంటలు చేయడం నాకు కష్టం కాదు అన్నయ్యగారూ. అందరం భోజనానికి కూర్చునే వేళకు ఆయన తన పళ్ళెం తీసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోతున్నారు. ఆ కూర తింటూ మా కంచాల వైపు చూడలేక వెళ్తున్నారని నాకు తెలుసు. ఇంట్లో మనిషి ఇంట్లోనే పొరుగువాడయిపోయాడు” అని రాశారు ఆవిడ.

ఈ ఉత్తరం చదివాక ఈసారి డిపాజిట్ల గురించి రాయబుద్ధి కాలేదు. మన సంఘం కుటుంబాల్లో ఇలాంటి వేరు పళ్ళెం లేని ఇల్లు ఎన్ని ఉంటాయి? చక్కెర వ్యాధి వచ్చిన మనిషికి మాత్ర ఎంత అవసరమో, పదిమందితో కలిసి తినడం కూడా అంతే అవసరం. కాబట్టి ఈసారి ఇంటి పద్దులో వంటింటి పద్దు రాస్తున్నాను.

బ్యాంకువాడికి గరిటెతో పనేమిటని అడగవచ్చు. బదిలీల ఉద్యోగం చేసినవారికి ఆ సందేహం రాదు. పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని ఒకచోట ఉంచి, నేను బళ్ళారిలో, బరంపురంలో, సోలాపూరులో ఒక్క గదిలో ఒక్క స్టవ్వుతో కాపురం చేశాను. ఒంటరిగా వండుకునేవాడికి వంటకం ఒక్కటే అయి ఉండాలి, అందులో గింజా ఉండాలి, కూరా ఉండాలి, గిన్నెలు తక్కువ పడాలి. అలా నా చేతికి అలవాటయిన వంటకమే కొర్రల కూరగాయల కలుపు. ఇది అన్నానికి బదులు కాదు, అన్నం పక్కన వడ్డించుకునేది. పథ్యం వంట అసలే కాదు. ఇంటిల్లిపాదీ తినే తాలింపు వంట.

ఏ ఊళ్ళో ఏ పేరు?

మనలో చాలామందికి కొర్రలు దొరకకపోవడానికి కారణం కొట్లో లేకపోవడం కాదు, పేరు తెలియకపోవడం. మనం కొర్రలు అనేదాన్ని కర్ణాటకలో ‘నవణె’ అంటారు. తమిళనాడులో ‘తినై’. మహారాష్ట్రలో ‘రాళే’ అనీ, ‘కాంగ్’ అనీ అంటారు. ఒడిశాలో ‘కంగు’. సామలకు కన్నడంలో ‘సామె’, తమిళంలో ‘సామై’ కాబట్టి ఇబ్బంది లేదు. అరికలు మాత్రం కర్ణాటకలో ‘హారక’, తమిళనాడులో ‘వరగు’. ఊదలు అడగాలంటే తమిళనాడులో ‘కుదిరైవాలి’ అనాలి. ‘వరగు’ అనే తమిళం మాట వినగానే మన ‘వరిగలు’ అనుకోకండి. వరిగలను వాళ్ళు ‘పనివరగు’ అంటారు. ఈ ఒక్క మాట తేడాతో వేరే గింజ ఇంటికి వచ్చేస్తుంది.

ఈ గింజ మనం ఉంటున్న ఊళ్ళకు పరాయిదేమీ కాదు. తమిళనాడులో వళ్ళి తినై చేను కావలి కాస్తుండగానే మురుగన్ వచ్చాడని కథ. తేనె కలిపిన తినై పిండి ఆయనకు నేటికీ నైవేద్యం. మహారాష్ట్రలో సంక్రాంతి ముందురోజు భోగినాడు కొత్త కూరగాయలన్నీ కలిపి నువ్వులతో కూర చేస్తారు. దానితో సజ్జరొట్టె, చాలా ఇళ్ళలో రాళే అన్నం కూడా ఉంటుంది. సోలాపూరులో తరతరాలుగా ఉన్న మన చేనేత కుటుంబాలవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. బళ్ళారి పక్కన సంగనకల్లు గుట్టల దగ్గర సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట కాపురమున్నవాళ్ళు అండుకొర్రలు, పెసలు, ఉలవలు తిన్నారని పురావస్తు పరిశోధకులు తేల్చారు. అంటే వరి అన్నం తినడం మొదలుపెట్టకముందే ఆ ప్రాంతం చిరుధాన్యం తిన్నదన్నమాట.

కర్ణాటకలో ఉన్నవారు 16వ శతాబ్దపు కనకదాసు రచించిన ‘రామధాన్య చరితె’ గురించి వినే ఉంటారు. వరికీ, రాగికీ ఎవరు గొప్ప అని తగవు వస్తుంది. తగవు తీర్చవలసిన శ్రీరాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో పెట్టిస్తాడు. ఆరు నెలల తరువాత వరి నీరసించిపోతుంది. రాగి చెక్కుచెదరకుండా నిలుస్తుంది. తీర్పు రాగి పక్షాన వస్తుంది. ఇది పైకి ధాన్యాల కథ, లోపల పేదవాడి కూటి గౌరవం గురించిన కథ. మన తెలుగులో శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో పలనాటి జొన్నకూటి మీద ఒకటే విసుగు. సన్నన్నానికి అలవాటు పడిన నాలుక అలాగే మాట్లాడుతుంది మరి.

ఆ విసుగు కవులతో ఆగలేదు. కాలువలు వచ్చినచోట వరి వచ్చింది. 1983లో రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టాక, మెట్ట పల్లెల్లో కూడా రోజూ వరి అన్నం తినడం సాధ్యమైంది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అయితే పండగనాటి అన్నం రోజువారీ అన్నమయ్యేసరికి, కొర్రబువ్వ లేనివాళ్ళ తిండిగా, పిట్టలకు వేసే గింజగా మిగిలింది. ఇప్పుడు కాలం తిరగబడింది. భారతదేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఒడిశా ప్రభుత్వం 2017లోనే గిరిజన ప్రాంతాల్లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. అక్కడ నవంబరు 10న ‘మాండియా దివస్’ జరుపుతారు. మాండియా అంటే మన రాగులు, యానాం వైపువారి చోళ్ళు. మైసూరులో ఉంటూ ఊరూరా తిరిగి చిరుధాన్యాల గురించి చెప్పిన ఖాదర్ వలీగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మన తాతల నాటి కూడు ఇప్పుడు పెద్ద దుకాణాల్లో అందమైన పొట్లాల్లో, బియ్యం కంటే ఎక్కువ ధరకు దొరుకుతోంది.

కావలసినవి

ఈ కొలతలు నలుగురికి, అన్నం పక్కన తినడానికి.

కొర్రబియ్యం: 1 గ్లాసు (సుమారు 160 గ్రాములు)
కూరగాయ ముక్కలు: 400 గ్రాములు
ఉల్లిపాయ: 1, పచ్చిమిర్చి: 2, అల్లం: అంగుళం ముక్క
వేరుశెనగ గింజలు: 2 పెద్ద చెంచాలు (20 గ్రాములు)
నూనె: 3 చిన్న చెంచాలు (15 గ్రాములు), అంతకు మించవద్దు
ఆవాలు, జీలకర్ర, ఇంగువ, పసుపు, కరివేపాకు, ఉప్పు
నిమ్మకాయ: 1, కొత్తిమీర: గుప్పెడు

మసాలా పొడికి: ధనియాలు 1 పెద్ద చెంచా, శెనగపప్పు 1 పెద్ద చెంచా, మినప్పప్పు 1 చిన్న చెంచా, మెంతులు పావు చెంచా, నువ్వులు 1 చిన్న చెంచా, ఎండుమిర్చి 4, దాల్చినచెక్క చిన్న ముక్క, ఎండుకొబ్బరి తురుము 1 పెద్ద చెంచా. బళ్ళారి, బెంగళూరు వైపువారు ఒక మరాఠీమొగ్గ వేసుకుంటే వాంగీబాత్ వాసన వస్తుంది.

కూరగాయలు మీ ఇష్టం. నేను బీన్స్, క్యారెట్, చిక్కుడుకాయలు, రెండు లేత వంకాయలు, గుప్పెడు మునగాకు వేస్తాను. గోరుచిక్కుడు, క్యాబేజీ, బెంగళూరు వంకాయ కూడా బాగుంటాయి. బంగాళాదుంప, కంద, చిలగడదుంప, అరటికాయ మాత్రం ఇందులో వద్దు. అవి పేరుకే కూరలు, లెక్కలో గింజల పక్షమే.

చేసే విధానం

కొర్రలను ముందు పళ్ళెంలో పోసి చూసుకోండి. చిన్న గింజ కాబట్టి మట్టి, ఇసుక కలిసిపోయి కనిపించవు. మూడు నాలుగు నీళ్ళు పోసి చేత్తో రుద్ది కడగండి. చివరిసారి నీళ్ళలో కదిపి, పైకి తేలిన గింజలను జల్లిలోకి వంచుకుంటూ పోతే ఇసుక అడుగున మిగిలిపోతుంది. మన అమ్మమ్మలు బియ్యం గాలించిన పద్ధతే ఇది. తరువాత కనీసం రెండు గంటలు నానబెట్టాలి. ఉద్యోగాలకు వెళ్ళేవారు రాత్రే నానబెట్టుకోవచ్చు. నానితే గింజ సమంగా ఉడుకుతుంది. ఇనుము వంటి ఖనిజాలను శరీరానికి అందకుండా పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం కూడా కొంత నీళ్ళలోకి దిగిపోతుంది. అందుకే నానిన నీళ్ళు పారబోసి, వండటానికి కొత్త నీళ్ళు పోయాలి.

నానిన కొర్రలను జల్లిలో పది నిమిషాలు వాడ్చండి. మందపాటి గిన్నెలో ఒకటిముప్పావు గ్లాసు నీళ్ళు, కొద్దిగా ఉప్పు, అరచెంచా నూనె (కొలిచిన మూడు చెంచాలలోంచే) వేసి మరిగించండి. కొర్రలు పోసి ఒక్కసారి కలపండి. పైన నీళ్ళు ఇంకిపోయి గింజలు కనబడగానే మంట బాగా తగ్గించి మూత పెట్టండి. పది నిమిషాలకు స్టవ్ ఆర్పి, మరో పది నిమిషాలు మూత తీయకుండా వదిలేయండి. ఈ రెండో పది నిమిషాల్లో గింజ ఆవిరి తాగి విచ్చుకుంటుంది. ఓపిక లేక మూత తీసి కలియబెడితే ముద్ద అవుతుంది. కుక్కరు విజిలు పద్ధతి దీనికి నప్పదు. ఉడికినదాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరనివ్వండి.

అది ఆరేలోగా పొడి తయారు చేసుకోవచ్చు. నూనె లేకుండా బాణలిలో ముందు శెనగపప్పు, మినప్పప్పు, మెంతులు వేయించండి. పప్పులు రంగు మారేటప్పుడు ధనియాలు, ఎండుమిర్చి, దాల్చినచెక్క వేయండి. చివర నువ్వులు, కొబ్బరి వేసి వెంటనే దింపేయండి. మెంతులు నల్లబడితే పొడంతా చేదెక్కుతుంది, కాబట్టి మంట సన్నగా ఉండాలి. చల్లారాక మిక్సీలో కొంచెం పలుకుగా తిప్పండి.

బాణలిలో మిగిలిన నూనె వేసి తిరగవాత పెట్టండి. ముందు వేరుశెనగ గింజలు దోరగా వేగాలి. తరువాత ఆవాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు, ఆపైన అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ. ఉల్లిపాయ మెత్తబడ్డాక కూరగాయలను గట్టిదనం ప్రకారం వేసుకోవాలి. ముందు బీన్స్, చిక్కుళ్ళు, క్యారెట్. నాలుగు నిమిషాలాగి వంకాయ. చివర ఆకు. పసుపు, ఉప్పు చల్లి, బాణలి మీద లోతు పళ్ళెం మూత పెట్టి, ఆ పళ్ళెంలో నీళ్ళు పోయండి. లోపలి ఆవిరి చల్లటి పళ్ళేనికి తగిలి చుక్కలుగా మళ్ళీ కూరలోకే పడుతుంది. కూర మాడదు, అదనంగా నూనె అడగదు. మూడు చెంచాల నూనెతో ఇంత కూర ఎలా మగ్గుతుందని అడిగేవారికి ఈ నీళ్ళ పళ్ళెమే సమాధానం.

ముక్క మగ్గింది గాని నలగలేదు అనిపించినప్పుడు మూత తీసి, మసాలా పొడి మూడు పెద్ద చెంచాలు కూర మీద చల్లి కలపండి. పొడి ముందు కూరకు పట్టాలి. ఆ తరువాతే ఆరిన కొర్రలు వేసి, అట్లకాడతో అడుగు నుంచి పైకి తిరగేస్తూ కలపాలి. పొడిని నేరుగా గింజల మీద వేస్తే ఒకచోట కారం, ఒకచోట చప్పదనం వస్తాయి. రెండు నిమిషాలు వేడి చేసి దింపి, అప్పుడు నిమ్మరసం పిండండి, కొత్తిమీర చల్లండి. నిమ్మకాయ పొయ్యి మీద ఉండగా పిండితే చేదు వస్తుంది, అందులోని విటమిన్ సి కూడా పోతుంది. గింజలో, ఆకులో ఉన్న ఇనుమును శరీరం పట్టుకోవడానికి ఆ విటమినే సహాయం చేస్తుంది.

ఊరిని బట్టి మార్పులు చేసుకోండి. బరంపురం వైపువారు తాలింపులో పంచఫుటన వేసుకోవచ్చు. సోలాపూరువారు వేరుశెనగ కారప్పొడి పైన చల్లుకుంటే ఇక మాట్లాడరు. తమిళనాడులో చిన్న ఉల్లిపాయలు ఎలాగూ ఉన్నాయి. యానాంవారు ఒక చిన్న మామిడికాయ తురుము వేసి నిమ్మకాయ మానేయవచ్చు.

ఇక లెక్క

లెక్క చెప్పకుండా ఈ శీర్షిక ముగిస్తే సంపాదకులవారు ఊరుకోరు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పాత పట్టికల ప్రకారం, 100 గ్రాముల పాలిష్ బియ్యంలో మాంసకృత్తులు 6.8 గ్రాములు, పీచు 0.2 గ్రాములు, శక్తి 345 క్యాలరీలు. అదే 100 గ్రాముల కొర్రలలో మాంసకృత్తులు 12.3 గ్రాములు, పీచు 8 గ్రాములు, శక్తి 331 క్యాలరీలు. కొర్రలకు పాలిష్ పట్టినకొద్దీ ఆ పీచు అంకె తగ్గిపోతుంది.

ఈ అంకెలను ఎలా చదవాలి? మాంసకృత్తులలో, పీచులో కొర్రలదే లాభం. ఆ రెండు అంకెలే అందరూ చెబుతారు. మూడో అంకె చూడండి. 345కూ, 331కూ తేడా ఎంత? పద్నాలుగు. శక్తి లెక్కలో రెండూ దాదాపు సమానం. “కొర్రలు కదా, ఎంత తిన్నా ఫరవాలేదు” అని మూడు మార్లు వడ్డించుకునేవారు ఈ మూడో అంకెను గోడ మీద రాసి పెట్టుకోవాలి.

పైన చెప్పిన కొలతలతో మనిషికి వచ్చేది 40 గ్రాముల కొర్రలు, 100 గ్రాముల కూరలు. నూనె, గింజలు, పొడితో సహా లెక్క వేస్తే సుమారు 260 క్యాలరీలు, 9 గ్రాముల మాంసకృత్తులు. కామర్సు చదివినవారందరికీ మొదటి రోజే నేర్పే సూత్రం ఒకటుంది. ఒక ఖాతాలో రాస్తే దానికి సరిపడా ఇంకో ఖాతాలో కూడా రాయాలి. పళ్ళెంలోకి 260 క్యాలరీల కలుపు వచ్చిందంటే, 75 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, అంటే సుమారు రెండు హస్తాలు, పళ్ళెంలోంచి తప్పుకోవాలి. మామూలుగా తినే అన్నమంతా తిని పక్కన ఇది కూడా తింటే మిగిలేది ఆరోగ్యం కాదు, అదనపు బరువు. పద్దు రెండువైపులా సరిపోవాలి.

ఈ మార్పు వల్ల ఫలితం ఉంటుందా? పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ నాయకత్వంలో, అప్పటికి జరిగిన అనేక అధ్యయనాలను కలిపి 2021లో ఒక విశ్లేషణ ప్రచురించారు. రోజువారీ తిండిలో చిరుధాన్యాలు తీసుకున్న మధుమేహ రోగులలో పరగడుపు చక్కెర 12 శాతం, భోజనం తరువాతి చక్కెర 15 శాతం దాకా తగ్గినట్లు అందులో తేలింది. ఇది సగటు లెక్క. ఒక్కొక్క శరీరం ఒక్కొక్క రకం. మీ ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే, అన్నం తిన్న రోజు రెండు గంటలకూ, ఈ కలుపుతో తిన్న రోజు రెండు గంటలకూ చూసి ఒక పుస్తకంలో రాయండి. నాలుగు వారాల తరువాత ఎవరి మాటా నమ్మనక్కరలేదు, మీ పుస్తకమే చెబుతుంది.

కొన్ని జాగ్రత్తలు

ధాన్యం ధాన్యమే, మందు మందే. కొర్రలు మొదలుపెట్టామని మాత్రలు మానరాదు. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం దాని గుర్తులు. కాబట్టి డాక్టరుగారికి చెప్పి మొదలుపెట్టండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, థైరాయిడ్ సమస్య ఉన్నవారు కూడా ముందు అడిగి తెలుసుకోవాలి.

పీచు అలవాటు లేని కడుపు మొదట్లో ఉబ్బరంగా ఉంటుంది. వారానికి రెండు రోజులతో మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగుతూ, మెల్లగా పెంచుకోవాలి. గింజను గింజగానే తినాలి. అదే కొర్రలను పిండి కొట్టి మెత్తటి జావ కాస్తే త్వరగా అరిగిపోయి, చక్కెర కూడా త్వరగా ఎక్కుతుంది.

కొనేటప్పుడు పసుపు రంగు నిగనిగ మరీ పోని గింజ చూసి తీసుకోండి. కొర్రలలో నూనె శాతం బియ్యం కంటే ఎక్కువ కాబట్టి ఎక్కువ కాలం నిలవ ఉంటే ముక్క వాసన వస్తుంది. వాసన చూసి, నెలకు సరిపడా మాత్రమే కొనండి. ఇక ‘చిరుధాన్యాల’ బిస్కట్లు, నూడుల్సు కొనేవారు పొట్లం వెనక చిన్న అక్షరాలు చదవాలి. పదార్థాల పేర్లను బరువులో ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి రాయాలన్నది నిబంధన. ముందు మైదా, చక్కెర ఉండి, చివర ఎక్కడో కొర్రలు ఉంటే ఆ పొట్లం సంగతి మీకే అర్థమవుతుంది. అప్పు పత్రం మీద సంతకం పెట్టే ముందు షరతులు చదవమని నేను ఖాతాదారులకు చెప్పే మాటే ఇది.

పంక్తిలో చోటు

హోసూరు చెల్లెలికి నా సలహా ఇది. అమ్మా, మీవారికి వేరే వండటం ఆపేయండి. ఈ కలుపు నలుగురికీ చేయండి. అత్తగారికి కారం తగ్గించి, పిల్లలకు పైన ఇంకో నాలుగు వేరుశెనగ గింజలు వేసి, అందరికీ ముందు ఇదే వడ్డించండి. పప్పు, మజ్జిగ అందరికీ ఒకటే. అన్నం గిన్నె చివర రానివ్వండి. ఆయన ఒక్క హస్తం వేసుకుంటారు, పిల్లలు రెండు వేసుకుంటారు. తేడా అంతే. ఒకే గిన్నెలోంచి అందరికీ వడ్డిస్తే, ఒకరి కంచం వైపు ఒకరు చూడలేక లేచి వెళ్ళవలసిన పని ఉండదు. “ఇది నీకు మంచిది” అనే మాట మాత్రం భోజనాల దగ్గర అనకండి. మంచిదని తినమంటే మందులా ఉంటుంది. “ఈ రోజు చిక్కుడుకాయ లేతగా దొరికింది” అనండి చాలు.

ఇంట్లో ఎలాగో సంఘంలో కూడా అలాగే. ఈమధ్య మన సహపంక్తి భోజనాల్లో షుగరు ఉన్నవారికని ఒక బల్ల వేరే వేస్తున్నారు. మంచి ఉద్దేశంతోనే వేస్తున్నారు. కాని ఆ బల్ల దగ్గరకు నడిచి వెళ్ళడానికి మొహమాటపడి, పంక్తిలోనే కూర్చుని పులిహోర, బొబ్బట్టు తినేసి ఇంటికి వెళ్ళి బాధపడేవారిని నేను చూస్తూనే ఉన్నాను. రాబోయే ఉగాదికి మన కార్యవర్గం ఆ బల్ల తీసేసి, ఈ కలుపును అందరి విస్తళ్ళలో పులిహోర పక్కనే వడ్డిస్తే బాగుంటుందని నా మనవి. వందమందికి కొద్దికొద్దిగా వడ్డించడానికి 2 కిలోల కొర్రలు, 5 కిలోల కూరగాయలు, పావుకిలో వేరుశెనగ గింజలు, పావు లీటరు లోపు నూనె, డజను నిమ్మకాయలు చాలు. కొర్రలను ఒకే గుండిగలో వండకుండా రెండు వాయిలుగా వండించి, తడి లేని గుడ్డ మీద పరచమని వంటవారికి చెప్పాలి.

చివరిగా ఒక కోరిక. మీ ఊళ్ళో ఈ గింజలను ఏ పేరుతో పిలుస్తారో, మీ ఇంట్లో పెద్దవారికి గుర్తున్న కొర్ర, సామ, అరికల వంటలేమిటో ఒక కార్డు మీద రాసి సంపాదకుల చిరునామాకు పంపండి. అయిదు ప్రాంతాల పేర్లతో ఒక పట్టిక తయారు చేసి ఈ పేజీలోనే అచ్చు వేయిద్దాం. ఎనభై దాటిన అమ్మమ్మలు, నానమ్మలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. వారిని అడిగే పని మాత్రం ఈ సెలవుల్లోనే చేయండి.

వచ్చే సంచికలో బ్యాంకు లాకర్ల సంగతి ముచ్చటించుకుందాం. సెలవు.